కంప్యూటర్ ప్రాసెసర్ల సామర్థ్య పోలిక: హైదరాబాదు యంత్రాలు, మేడారం కొలమానం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాత ప్రాసెసర్ కంటే కొత్త ప్రాసెసర్ ఎన్ని రెట్లు వేగవంతమైనది అన్న ప్రశ్నకు సాధారణంగా ఒక్క అంకెతో సమాధానం వస్తుంది. ఆ అంకె ఏ పని మీద, ఏ కొలతతో, ఎవరి అవసరం కోసం వచ్చిందో దానితోపాటు చెప్పడం అరుదు. హైదరాబాదులోని ఈసీఐఎల్, అనురాగ్ సంస్థల్లో రూపొందిన యంత్రాలను ప్రధాన ఆధారంగా తీసుకొని, 1960ల నుంచి నేటి వరకు ప్రాసెసర్ల సామర్థ్యాన్ని పోల్చే పద్ధతి ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సామర్థ్యానికి సంబంధించిన సాంకేతిక భావనలను తెలుగు పాఠకులకు పరిచితమైన మేడారం జాతర రద్దీ నిర్వహణ సహాయంతో వివరిస్తుంది. ఈసీఐఎల్ యంత్రాలు కాలం చెల్లినవన్న స్థిరపడిన అభిప్రాయాన్ని పునఃపరిశీలించడం, నేటి కళాశాలల కంప్యూటర్ ప్రయోగశాలల విషయంలో అదే తరహా తీర్పు ఎలా అమలవుతోందో చూపడం ఈ వ్యాస లక్ష్యాలు.

కీలకపదాలు: ప్రాసెసర్, సామర్థ్యం, క్లాక్ వేగం, ఈసీఐఎల్, టీడీసీ, అనురాగ్, పేస్, మేడారం, ఓటింగ్ యంత్రం.

1. ప్రవేశిక:
కంప్యూటర్‌లో ఆదేశాలను ఒకదాని తరువాత ఒకటి చదివి, అర్థం చేసుకొని, అమలుపరచే భాగాన్ని ప్రాసెసర్ అంటారు. తొలి రోజుల్లో అది బీరువాలంత పరిమాణంలో, వేలాది విడి భాగాలతో ఉండేది. 1971లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 4004తో అది వేలిగోరంత చిప్ మీదకు చేరింది. ఈ పరిణామాన్ని వివరించే గ్రంథాలు, పాఠ్యపుస్తకాలు ఎక్కువగా అనుసరించే మార్గం ఒకటే. పాత యంత్రం అంకెను, కొత్త యంత్రం అంకెను పక్కపక్కన పెట్టి భాగహారం చేయడం. ఉదాహరణకు 1976 నాటి క్రే-1 సూపర్ కంప్యూటర్ గరిష్ఠ సామర్థ్యం సెకనుకు 16 కోట్ల దశాంశ గణనలు. హైదరాబాదు ఐఐటీలో నెలకొల్పిన పరమ్ సేవ సామర్థ్యం 838 టెరాఫ్లాప్‌లు. అంటే సుమారు 52 లక్షల రెట్లు.

ఈ లెక్కలో తప్పు లేదు. అయితే దీనివల్ల తెలిసేది చాలా తక్కువ. రెండూ గరిష్ఠ అంకెలే. నిజమైన సమస్య ఎదురైనప్పుడు ఆ యంత్రాలు ఎంత పని చేశాయో, ఆ పని ఎవరికి ఉపయోగపడిందో ఈ భాగహారం చెప్పదు. చరిత్రకారునికి కావలసింది మాత్రం ఆ రెండో సమాధానమే. ఒక యంత్రాన్ని ‘వెనుకబడినది’ అని నిర్ణయించడం ఒక సంస్థ కృషిపై తీర్పు చెప్పడంతో సమానం. అందువల్ల ఆ నిర్ణయానికి వాడిన కొలమానాన్ని కూడా చరిత్రలో భాగంగానే పరిశీలించవలసి ఉంటుంది.

2. మేడారం – మూడు కొలతలు:
ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని మేడారం ఒకప్పటి ఉమ్మడి వరంగల్ జిల్లాలోనిది. అక్కడ రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి సందర్భంగా జరిగే సమ్మక్క–సారలమ్మ జాతర కోయల సంప్రదాయంలోని మహోత్సవం. కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు చేరుకోవడం, భక్తుల దర్శనం, వనప్రవేశం అనే క్రమం నాలుగు రోజుల్లో ముగుస్తుంది. ఆ నాలుగు రోజుల్లో కోటి మందికి పైగా వస్తారని అధికారిక అంచనాలు చెప్తాయి. 2024 జాతరకు ఆర్టీసీ సుమారు 6,000 ప్రత్యేక బస్సులను ప్రకటించింది. విశ్వాసపరమైన అంశాలు ఈ వ్యాస పరిధిలోనివి కావు. పరిమితమైన కాలంలో అపారమైన జనసమూహాన్ని నడిపించే ఏర్పాటుగా మాత్రమే జాతరను ఇక్కడ స్వీకరించడమైనది.

ఈ ఏర్పాటు ఎంత బాగా పనిచేసిందో చెప్పడానికి కనీసం మూడు కొలతలు కావాలి. మొదటిది, హనుమకొండలో బస్సెక్కిన ఒక భక్తురాలు మేడారం చేరడానికి పట్టిన సమయం. రెండవది, ఒక రోజులో మొత్తం ఎంతమంది చేరారన్న సంఖ్య. మూడవది, అత్యంత ఇరుకైన చోట, అంటే గద్దెల దగ్గర, గంటకు ఎంతమంది దర్శనం చేసుకోగలరన్న పరిమితి. బస్సు వేగం పెంచితే మొదటి కొలత మెరుగవుతుంది. బస్సుల సంఖ్య పెంచితే ఒక్కొక్కరి ప్రయాణకాలం తగ్గదు గాని రెండవ కొలత మెరుగవుతుంది. ఈ రెండూ ఎంత మెరుగుపడినా మూడవది మారకపోతే జనం గద్దెల ముందు వరుసలోనే నిలిచిపోతారు.

ప్రాసెసర్ల విషయంలోనూ ఇవే మూడు కొలతలు ఉన్నాయి. ఒక పని పూర్తికావడానికి పట్టే కాలం మొదటిది. నిర్ణీత కాలంలో పూర్తయ్యే పనుల మొత్తం రెండవది. మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే నెమ్మదైన భాగం విధించే హద్దు మూడవది. పాత, కొత్త ప్రాసెసర్ల పోలికలో వచ్చే వివాదాల్లో అధికభాగం ఈ మూడింటిలో దేని గురించి మాట్లాడుతున్నారో స్పష్టం చేయకపోవడం వల్ల పుట్టినవే.

3. అద్దె యంత్రాల కాలం:
భారతదేశంలో పాత ప్రాసెసర్, కొత్త ప్రాసెసర్ అన్న చర్చ మొదట తలెత్తింది ప్రయోగశాలల్లో కాదు, అద్దెల విషయంలో. 1959లో ఐబీఎం ప్రకటించిన 1401 యంత్రం ఇక్కడి ప్రభుత్వ శాఖల్లోనూ పెద్ద సంస్థల్లోనూ విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. విదేశాల్లో వాడి తిరిగివచ్చిన యంత్రాలను ఇక్కడ బాగుచేసి అద్దెకు ఇచ్చేవారు. ఆ సంస్థ 1971లోనే 1401ను తన విక్రయాల నుంచి ఉపసంహరించుకున్నా 1970ల మధ్యకాలం వరకు అవి ఇక్కడ పనిచేస్తూనే ఉన్నాయి. ఎప్పుడో పాతబడిన యంత్రానికి ఇంత అద్దె ఎందుకన్న విమర్శ పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం వరకు వెళ్లింది. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం వాటాలు తగ్గించుకోవడానికి అంగీకరించని ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్లింది.

1401 నిజంగా ఎంత నెమ్మదైనది? దాని మెమరీ ఆవృత్తి 11.5 మైక్రోసెకన్లు. అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్, అంటే డెక్, 1965లో విడుదల చేసిన పీడీపీ-8 ఆవృత్తి 1.5 మైక్రోసెకన్లు. కేవలం ఈ అంకెల ప్రకారం చిన్న యంత్రమైన పీడీపీ-8 పెద్ద యంత్రం కంటే ఏడు రెట్లకు పైగా వేగవంతమైనది. కాని 1401 చేసిన పని వేరు. జీతాల పట్టికలు, బిల్లులు, సరుకుల లెక్కలు దాని పని. దానికి అనుబంధంగా ఉన్న 1402 కార్డు రీడర్ నిమిషానికి 800 కార్డులు చదివేది. 8,000 మంది ఉద్యోగుల జీతాలకు మనిషికొక కార్డు చొప్పున చదవడానికే పది నిమిషాలు పడుతుంది. ఒక కార్డుకు, మరో కార్డుకు మధ్య 75 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో 1401 సుమారు 6,500 మెమరీ ఆవృత్తులు పూర్తిచేయగలదు. సాధారణ జీతం లెక్కకు అది చాలినంత. కాబట్టి ప్రాసెసర్‌ను ఏడు రెట్లు వేగవంతం చేసినా ఆ పది నిమిషాలు తగ్గవు. ఈ పనిలో గద్దె స్థానంలో ఉన్నది కార్డు రీడర్, ప్రాసెసర్ కాదు.

పాత యంత్రాన్ని అద్దెకు తీసుకున్న కార్యాలయాలు అజ్ఞానంతో అలా చేయలేదని దీనివల్ల తెలుస్తుంది. వారికి కావలసినవి నిమిషానికి వందల వరుసలు అచ్చువేసే ప్రింటర్, కార్డు యంత్రాలు, సిద్ధంగా ఉన్న ప్రోగ్రాములు. అద్దెపై వచ్చిన విమర్శ న్యాయమైనదే. అయితే అది ధరకు సంబంధించిన విమర్శ, పనికి సంబంధించినది కాదు.

4. ఈసీఐఎల్ – టీడీసీ శ్రేణి:
ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ ఆధ్వర్యంలో హైదరాబాదులో ఏర్పడింది. పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన అయ్యగారి సాంబశివరావు దాని నిర్మాత. నేటి ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీదనే వెలసింది. ట్రాంబేలోని అణుపరిశోధన కేంద్రంలో జరిగిన కృషికి కొనసాగింపుగా వచ్చిన ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, అంటే టీడీసీ-12, 1969లో పనిలోకి ప్రవేశించింది. ఇది 12 బిట్ల యంత్రం. ఆ తరువాత 1974లో టీడీసీ-312, 1975లో 16 బిట్ల టీడీసీ-316, 1978లో మైక్రోప్రాసెసర్ ఆధారిత మైక్రో-78 వచ్చాయి.

ఈ యంత్రాలపై స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. అవి విదేశీ యంత్రాల కంటే వెనుకబడినవి, ప్రభుత్వ రక్షణ ఉన్నందువల్లనే కొంతకాలం నిలిచాయి అన్నది దాని సారాంశం. దీన్ని కాలక్రమం ఆధారంగా పరీక్షించవచ్చు. 12 బిట్ల పీడీపీ-8 వచ్చింది 1965లో, టీడీసీ-12 వచ్చింది 1969లో. 16 బిట్ల పీడీపీ-11 వచ్చింది 1970లో, టీడీసీ-316 వచ్చింది 1975లో. మైక్రో కంప్యూటర్లకు బాట వేసిన ఇంటెల్ 8080 వచ్చింది 1974లో, మైక్రో-78 వచ్చింది 1978లో. మూడు దశల్లోనూ తేడా నాలుగైదేళ్లే. పదం పొడవు సమానమైనంత మాత్రాన సామర్థ్యం సమానం కాదు. అయినా తరం మారడాన్ని ప్రమాణంగా తీసుకుంటే రెండు విషయాలు స్పష్టమవుతాయి. ఒకటి, వెనుకబాటు ఉంది. రెండు, ఆ వెనుకబాటు దశదశకూ పెరగలేదు. అదే 1970ల మధ్యలో భారతీయ కార్యాలయాల్లో అద్దెకు నడుస్తున్న 1401 రూపకల్పన వయసు పదిహేనేళ్లు. ఆ నాటి వినియోగదారుకు అందుబాటులో ఉన్న యంత్రాలతో పోల్చితే టీడీసీ-316 కొత్త తరానిదే. ప్రపంచంలో ఎక్కడో ఉన్న అత్యుత్తమ యంత్రంతో పోల్చితేనే అది పాతది.

ఇక పని విషయం. టీడీసీ శ్రేణికి మూలం అణుశక్తి శాఖ అవసరాలు. రియాక్టర్ల నుంచి, పరికరాల నుంచి వచ్చే సంకేతాలను చదివి, నిర్ణీత వ్యవధిలోగా స్పందించడం అక్కడ ప్రధానం. ఇటువంటి నిజకాల నియంత్రణలో గడువు ఒక సెకను అయితే అర సెకనులో ముగించే ప్రాసెసర్ చాలు. పదో వంతు సెకనులో ముగించే ప్రాసెసర్ వల్ల అదనపు ప్రయోజనం లేదు. ఎప్పుడూ గడువు తప్పకపోవడం, చెడిపోతే ఇక్కడే బాగుచేయగలగడం అంతకంటే ముఖ్యం. దేశ గగనతల రక్షణ కోసం భూమిపై నెలకొల్పిన వ్యవస్థలోనూ ఈసీఐఎల్‌కు బాధ్యత దక్కడానికి ఈ లక్షణాలే కారణం.

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. ప్రయోగశాలలకు, విశ్వవిద్యాలయాలకు, ప్రభుత్వ విభాగాలకు ఈ యంత్రాలు వెళ్లినా వాటి సంఖ్య పరిమితమే. వాణిజ్య అవసరాలకు కావలసిన ప్రింటర్లు, డిస్కులు, ప్రోగ్రాములు తగినంతగా సమకూరలేదు. దిగుమతులపై కఠినమైన నియంత్రణ ఉన్నందున కొనుగోలుదారులకు ఎంపిక తక్కువ. 1970ల చివర మైక్రోప్రాసెసర్లు సులభంగా దొరకడంతో హెచ్‌సీఎల్, డీసీఎం వంటి ప్రైవేటు సంస్థలు రంగంలోకి వచ్చి ఆ విపణిని చేజిక్కించుకున్నాయి. అంటే ఈసీఐఎల్ ఓడిన చోటు ప్రాసెసర్ వేగం కాదు. ప్రాసెసర్ చుట్టూ ఉండవలసిన వ్యవస్థలో అది ఓడింది. స్థిరపడిన అభిప్రాయం ఈ రెండింటినీ కలిపివేసింది.

5. ప్రమాణ పరీక్షల ఆవిర్భావం:
యంత్రాల రకాలు పెరిగేకొద్దీ వాటిని ఒకే పరీక్షతో కొలవాలన్న ప్రయత్నాలు మొదలయ్యాయి. సెకనుకు ఎన్ని లక్షల ఆదేశాలు అమలవుతాయన్నది తొలి కొలత. అయితే ఒక ప్రాసెసర్ ఒకే ఆదేశంతో చేసే పనిని మరో ప్రాసెసర్ మూడు ఆదేశాలతో చేయవచ్చు. కాబట్టి ఆదేశాల సంఖ్యను లెక్కించడం అడుగుల పొడవు చూడకుండా అడుగుల సంఖ్యను లెక్కించడం వంటిది. డెక్ సంస్థ 1977లో విడుదల చేసిన వాక్స్-11/780ను ఈ కొలతలో ‘ఒకటి’గా పరిగణించే ఆచారం ఏర్పడింది. ఐబీఎం 370/158తో అది సమానంగా పనిచేయడమే ఇందుకు కారణం. వాస్తవానికి అది సెకనుకు అమలుపరచిన సొంత ఆదేశాలు పది లక్షలు కావు, సుమారు ఐదు లక్షలు. కొలమానానికి ప్రమాణమైన యంత్రమే ఆ కొలమానం ప్రకారం సగం అంకె చూపడం గమనార్హం. ఆ కాలంలో వాక్స్ శ్రేణి మన దేశానికీ పరిచితమే. సీఎంసీ సంస్థ 1980ల మధ్యలో దిల్లీలో ప్రారంభించిన రైల్వే రిజర్వేషన్ వ్యవస్థ వాటిపైనే నడిచింది.

1970లలో దశాంశ గణనలకు వెట్‌స్టోన్, 1979లో సమీకరణాల సాధనకు లిన్‌ప్యాక్, 1984లో పూర్ణాంక పనులకు డ్రైస్టోన్ పరీక్షలు వచ్చాయి. కృత్రిమమైన చిన్న పరీక్షలకు అనుగుణంగా తయారీదారులు తమ కంపైలర్లను మలచుకోవడం మొదలైంది. పరీక్షలో మంచి అంకె తెచ్చుకున్న ప్రాసెసర్ నిజమైన పనిలో అంత గొప్పగా ఉండకపోవచ్చన్న అనుభవం దీనితో కలిగింది. అందుకే 1988లో స్పెక్ అనే సంస్థ ఏర్పడి, వాస్తవంగా వాడుకలో ఉన్న ప్రోగ్రాముల సముదాయాన్నే పరీక్షగా నిర్ణయించింది. కొలమానాల చరిత్ర మొత్తం ‘ఎంత వేగం’ అన్న ప్రశ్న నుంచి ‘ఏ పనిలో ఎంత వేగం’ అన్న ప్రశ్నకు సాగిన ప్రయాణం.

6. అనురాగ్ – పేస్ యంత్రం:
1980లలో వాతావరణ సూచనకు, వైమానిక పరిశోధనలకు సూపర్ కంప్యూటర్లు కావలసివచ్చినప్పుడు అమెరికా ఎగుమతి ఆంక్షలు అడ్డువచ్చాయి. ఆ నేపథ్యంలో 1988లో పుణెలో సీ-డాక్, హైదరాబాదులో రక్షణ పరిశోధన సంస్థకు చెందిన అనురాగ్ ఏర్పడ్డాయి. వస్తువుల చుట్టూ గాలి ప్రవహించే తీరును గణించడం కోసం అనురాగ్ రూపొందించిన యంత్రం పేరు పేస్. ఏరోడైనమిక్ గణనకు, మూల్యాంకనకు ఉద్దేశించిన ప్రాసెసర్ అన్నది ఆ పేరు విస్తరణ. పరీక్ష దశలో దానిలో 16.67 మెగాహెర్ట్జ్ వేగం గల మోటరోలా 68020 ప్రాసెసర్లు నాలుగు ఉండేవి. తరువాత 25 మెగాహెర్ట్జ్ 68030తో ఎనిమిది ప్రాసెసర్ల యంత్రం, ఆపైన 128 ప్రాసెసర్ల పేస్-128 వచ్చాయి.

ఒక్కొక్కటిగా చూస్తే ఆ ప్రాసెసర్లు అప్పటి కార్యాలయ యంత్రాల్లో ఉండే సాధారణమైనవే. క్రే యంత్రంలోని ప్రాసెసర్‌తో వాటిలో ఏ ఒక్కటీ సరితూగదు. వేగవంతమైన ఒకే బస్సు దొరకనప్పుడు సాధారణమైన బస్సులను ఎక్కువగా నడపడమే ఇక్కడి పద్ధతి. గాలి ప్రవాహాన్ని చిన్న చిన్న గడులుగా విభజించి, ఒక్కో ప్రాసెసర్‌కు కొన్ని గడులు అప్పగించవచ్చు. కాబట్టి ఆ పనికి ఈ పద్ధతి నప్పింది.

అయితే దీనికి హద్దు ఉంది. ఆ హద్దును 1967లో జీన్ ఆమ్‌డాల్ వివరించాడు. ఒక పనిలో పదో వంతు భాగాన్ని విభజించడం సాధ్యం కాదనుకుంటే, 128 ప్రాసెసర్లు పెట్టినా మొత్తం వేగం 9.3 రెట్లే పెరుగుతుంది. ప్రాసెసర్లు ఎన్ని పెంచినా పది రెట్లు దాటదు. విభజించలేని భాగం ఇరవయ్యో వంతే అయితే 128 ప్రాసెసర్లతో 17.4 రెట్లు వస్తుంది. మేడారానికి ఎన్ని వేల బస్సులు నడిపినా గద్దెల దగ్గరి వరుస ఒక్కటే అయినప్పుడు జరిగేది ఇదే. అందువల్ల సమాంతర యంత్రంలో అసలైన కృషి ప్రాసెసర్ల సంఖ్యలో కంటే పనిని విభజించే పద్ధతిలోనూ, అవి పరస్పరం సమాచారం ఇచ్చిపుచ్చుకునే తీరులోనూ ఉంటుంది. పేస్ చరిత్రలో మోటరోలా అనే పేరు మాత్రమే చూసి దాన్ని దిగుమతి చిప్‌ల కూర్పుగా తక్కువ చేయడం ఈ కృషిని విస్మరించడమే.

7. జాతర నుంచి జాతరకు – క్లాక్ వేగం పరిమితి:
చిప్‌పై పట్టే ట్రాన్సిస్టర్ల సంఖ్య సుమారు రెండేళ్లకోసారి రెట్టింపవుతుందని గోర్డన్ మూర్ 1975లో సవరించి చెప్పాడు. యాదృచ్ఛికమే అయినా జాతరకు, జాతరకు మధ్య కాలం కూడా అదే. 1978 నాటి ఇంటెల్ 8086లో 29,000 ట్రాన్సిస్టర్లు ఉంటే 2000 నాటి పెంటియం 4లో 4.2 కోట్లు ఉన్నాయి. ఆ 22 ఏళ్లలో 11 రెట్టింపులు జరిగితే 2,048 రెట్లు కావాలి. నిజంగా పెరిగింది సుమారు 1,450 రెట్లు. అంచనా దాదాపు నిజమైంది.

క్లాక్ వేగం మాత్రం వేరే కథ చెప్తుంది. 1984లో ఐబీఎం విడుదల చేసిన పీసీ-ఏటీలో ప్రాసెసర్ వేగం 6 మెగాహెర్ట్జ్. 2004 చివరికి పెంటియం 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్. పది జాతరల కాలంలో 630 రెట్లకు పైగా పెరుగుదల. 2024లో ఇంటెల్ విడుదల చేసిన 14900కేఎస్ ప్రాసెసర్ అందుకోగల గరిష్ఠ వేగం 6.2 గిగాహెర్ట్జ్. తరువాతి పది జాతరల కాలంలో పెరుగుదల 1.6 రెట్లే. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ అది వాడే విద్యుత్తు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందన్న నియమం 2005 ప్రాంతంలో పనిచేయడం మానేసింది. వేగం పెంచితే వేడి అదుపు తప్పసాగింది.

క్లాక్ వేగం అసంపూర్ణమైన కొలత అని పెంటియం 4 తానే నిరూపించింది. ఎక్కువ క్లాక్ వేగం సాధించడం కోసం దానిలో ఒక ఆదేశం దాటవలసిన దశలను 20కి, 2004 నాటి రూపంలో 31కి పెంచారు. దానితో ఒక్కో ఆవృత్తిలో జరిగే పని తగ్గింది. 2004లో ఇంటెల్ ఆ మార్గంలోని తదుపరి ప్రాసెసర్‌ను రద్దు చేసుకుంది. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో 3 గిగాహెర్ట్జ్ లోపు వేగంతోనే 3.8 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను అధిగమించింది. కొత్తది క్లాక్ అంకెలో చిన్నది, పనిలో పెద్దది. ఆ తరువాత ప్రాసెసర్ అభివృద్ధి ఒకే చిప్‌పై కోర్ల సంఖ్యను పెంచే దిశకు మళ్లింది. హైదరాబాదులో 1988లో ఆంక్షల వల్ల తప్పనిసరై ఎంచుకున్న సమాంతర మార్గానికే రెండు దశాబ్దాలలోపు సామాన్యుల కంప్యూటర్ కూడా భౌతిక నియమాల వల్ల తప్పనిసరై చేరుకుంది.

8. నిజామాబాద్ ఓటింగ్ యంత్రాలు:
వేగం ప్రస్తావనే లేకుండా పాత, కొత్త యంత్రాల మధ్య తేడా నిర్ణాయకమైన సందర్భం తెలంగాణలోనే ఉంది. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాలను ఈసీఐఎల్, బెంగళూరుకు చెందిన బీఈఎల్ తయారుచేస్తాయి. బ్యాటరీపై నడిచే ఆ యంత్రంలోని ప్రాసెసర్ చేయవలసిన పని ఓటరు నొక్కిన మీటను నమోదు చేయడం. ఓటరుకు, ఓటరుకు మధ్య వ్యవధి క్షణాల్లో ఉంటుంది కాబట్టి అక్కడ వేగవంతమైన ప్రాసెసర్‌కు పని లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నియోజకవర్గంలో 185 మంది అభ్యర్థులు నిలిచారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న ధరల సమస్యను దేశం దృష్టికి తేవాలనుకున్న రైతులు. పాత తరానికి చెందిన ఎం2 యంత్రానికి నాలుగు బ్యాలెట్ యూనిట్లే అనుసంధించవచ్చు. అంటే ‘నోటా’తో కలిపి 64 పేర్లే. కొత్త తరానికి చెందిన ఎం3 యంత్రానికి 24 యూనిట్లు, 384 పేర్ల వరకు అవకాశం ఉంది. పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు కలిపిన ఎం3 యంత్రాలతో అక్కడ పోలింగ్ జరిగింది.

కొత్త యంత్రం పాతదాని కంటే ‘ఎన్ని రెట్లు వేగవంతం’ అన్న ప్రశ్నకు ఇక్కడ అర్థమే లేదు. పాతది ఆ పనిని చేయలేదు, కొత్తది చేయగలదు. 64 లోపు అభ్యర్థులున్న నియోజకవర్గంలో మాత్రం ఈ విషయంలో రెండూ సమానమే. సామర్థ్యం యంత్రంలో మాత్రమే ఉండదు, అది యంత్రానికి, పనికి మధ్య ఉన్న సంబంధంలో ఉంటుందన్న విషయాన్ని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు.

9. పాత ప్రాసెసర్ మారకుండా ఉంటుందా?
పోలికల్లో అంతర్లీనంగా ఉండే ఊహ మరొకటి ఉంది. కొత్త ప్రాసెసర్ వచ్చినా పాత ప్రాసెసర్ సామర్థ్యం అలాగే ఉంటుందన్నది ఆ ఊహ. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే భద్రతా లోపాలు వెల్లడైనప్పుడు ఈ ఊహ సడలింది. ప్రాసెసర్ ముందుగా ఊహించి ఆదేశాలను అమలుచేసే వేగవర్ధక పద్ధతిలోనే ఆ లోపాలు ఉన్నాయి. వాటిని సరిచేసే సాఫ్ట్‌వేర్ మార్పుల వల్ల 2015 నాటి, అంతకు ముందరి యంత్రాల్లో వేగం తగ్గడం గమనించవచ్చని మైక్రోసాఫ్ట్ అప్పుడే ప్రకటించింది. కొన్న నాటి ప్రాసెసర్, సవరణ తరువాతి ప్రాసెసర్ భౌతికంగా ఒకటే అయినా సామర్థ్యంలో ఒకటి కావు.

2021లో వచ్చిన విండోస్ 11 మరో అడుగు ముందుకు వేసింది. ఇంటెల్ ప్రాసెసర్లలో కొన్ని మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం, ఆ తరువాతివాటినే అది అధికారికంగా అంగీకరిస్తుంది. దీని ప్రకారం నాలుగు కోర్లు, 4.2 గిగాహెర్ట్జ్ మూలవేగం గల ఏడో తరం ఐ7-7700కే జాబితాలో లేదు. రెండు కోర్లు, 1.1 గిగాహెర్ట్జ్ మూలవేగం గల సెలెరాన్ ఎన్4000 ఉంది. దాదాపు ఏ పరీక్షలో చూసినా మొదటిదే చాలా శక్తిమంతమైనది. ఇక్కడ పాత, కొత్త అన్న విభజనకు చెప్పిన ప్రాతిపదిక భద్రత, విశ్వసనీయత. వాటికి తగిన కారణాలు ఉండవచ్చు. కాని దాన్ని వేగానికి సంబంధించిన తీర్పుగా పొరబడకూడదు. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పరిమిత నిధులతో ప్రయోగశాలలు నడుపుకొనే కళాశాలలకు ఇది తక్షణ సమస్య. తెలుగు టైపింగు, గ్రంథసూచీ నిర్మాణం, ప్రాథమిక ప్రోగ్రామింగు బోధన వంటి పనులకు ఏడో తరం ప్రాసెసర్ వేగం ఈనాటికీ చాలినంత. అక్కడ లేనిది భద్రతా సవరణల కొనసాగింపు. ఆ లోటును లినక్స్ వంటి మరో ఆపరేటింగ్ వ్యవస్థతో పూరించవచ్చునా, యంత్రాన్నే మార్చాలా అన్నది వేరుగా పరిశీలించవలసిన అంశం. ‘ప్రాసెసర్ పాతదైంది’ అన్న ఒక్క మాటతో ఆ పరిశీలన ముగిసిపోకూడదు.

10. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. ప్రాసెసర్ల పోలికలో ఒక పనికి పట్టే కాలం, నిర్ణీత కాలంలో జరిగే మొత్తం పని, వ్యవస్థలోని ఇరుకైన భాగం విధించే హద్దు వేర్వేరు కొలతలు. ఐబీఎం 1401 ఉదంతంలో ఆ హద్దు కార్డు రీడర్, పేస్ విషయంలో పనిలోని విభజించలేని భాగం.

2. ఈసీఐఎల్ యంత్రాలు తమ అంతర్జాతీయ సమకాలీనాల కంటే నాలుగైదేళ్లు వెనుక ఉన్నాయి. కాని ఆ దూరం పెరగలేదు. నిజకాల నియంత్రణ రంగంలో అవి తమ పనికి తగినవి. వాణిజ్యరంగంలో వాటి వైఫల్యానికి కారణం ప్రాసెసర్ కాదు, దాని పరిసర వ్యవస్థ.

3. క్లాక్ వేగం 1984–2004 మధ్య 630 రెట్లకు పైగా, 2004–2024 మధ్య 1.6 రెట్లు పెరిగింది. ఒక కాలంలో ఉపయోగపడిన కొలమానం మరో కాలానికి పనికిరాకపోవచ్చునని ఇది చూపుతుంది.

4. పాత ప్రాసెసర్ స్థితి స్థిరమైనది కాదు. సాఫ్ట్‌వేర్ సవరణలు, మద్దతు విధానాలు దాన్ని మారుస్తాయి. ‘పాతది’ అన్న ముద్ర ఒక్కొక్కసారి సామర్థ్యంతో సంబంధం లేకుండానే పడుతుంది.

సాంకేతిక చరిత్రను తెలుగులో రాసేవారు ‘ఎన్ని రెట్లు’ అన్న అంకెతో పాటు ‘ఏ పనిలో, ఎవరి కోసం’ అన్న రెండు మాటలు కూడా నమోదు చేయడం అవసరం. అవి లేనందువల్లనే హైదరాబాదులో అర్ధశతాబ్దం కిందట జరిగిన నిర్మాణం వెనుకబాటుతనంగా మాత్రమే జ్ఞాపకం మిగిలింది. పనికివచ్చే యంత్రాలు నేటి ప్రయోగశాలల్లో మూలకు చేరకుండా ఉండాలన్నా ముందుగా వేయవలసినది అదే ప్రశ్న.